తాగుడు మానాలనుకునే సంఘ సభ్యుణ్ణి చికిత్సకు చేర్చడం ఎలా? కమిటీకి పద్ధతి కావాలి

గోదావరి_గట్టు:

అందరికీ వందనాలు. మా క్రైస్తవ సంఘ కమిటీ కోసం రెండు పేజీల పద్ధతి ఒకటి రాస్తున్నాం. తాగుడు, కల్తీ కల్లు, గంజాయి, నొప్పి మాత్రలు, ఏదైనా సరే. అలవాటుపడ్డ మనిషో, అతని భార్యో, తల్లో పాస్టరు గారి గుమ్మంలోకొచ్చి "ఏదో ఒకటి చెయ్యండి అయ్యగారూ" అన్నప్పుడు ఆ పూట ఏం చెయ్యాలి, ఆ వారం ఏం చెయ్యాలి అన్నది కాగితం మీద ఉండాలి. చాలా సంఘాల్లో ఇప్పుడున్న పద్ధతి మూడే మాటలు: ప్రార్థన, ప్రమాణం, ఉపవాసం. ప్రార్థన వద్దని ఇక్కడెవరూ అనరు. తక్కిన రెండింటి సంగతి, డబ్బు, గోప్యత, చట్టం, వీటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

వార్డు_సిస్టర్:

ముందు ప్రమాణం సంగతి చెప్తాను. ప్రాణం మీదికొచ్చేది అక్కడే.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే శరీరం తిరగబడుతుంది. ఆఖరి పెగ్గు పడిన 6 నుంచి 12 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వాంతులు, గుండె దడ. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి డెలీరియం వస్తుంది: రోజు తెలీదు, ఊరు తెలీదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేనివాళ్లతో మాట్లాడతారు, జ్వరం, బీపీ పెరుగుతాయి. వైద్యం అందకపోతే చనిపోతారు కూడా. ఇప్పుడు లెక్కేసుకోండి. శనివారం రాత్రి ఆఖరుసారి తాగి ఆదివారం ఆరాధనలో అందరి ముందూ ప్రమాణం చేసినవాడికి సోమవారం రాత్రి నుంచి బుధవారం రాత్రి దాకా అసలు గండం. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు "వదిలేశాడు, దేవుడికి స్తోత్రం" అని కాస్త నిశ్చింతగా పడుకుంటారు.

ఆ మూడో రోజు మనిషి అరుస్తుంటే, కనపడనివాళ్లతో కొట్లాడుతుంటే, దయ్యం పట్టిందని పాస్టరు గారిని పిలుస్తారు. నలుగురు పట్టుకుని రాత్రంతా విడుదల ప్రార్థన చేస్తారు. పద్ధతిలో ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో రాయండి: తాగుడు ఆపి 5 రోజుల లోపు మనిషి మాట తేడాగా ఉంటే ముందు 108, ప్రార్థన అంబులెన్సులో చేసుకోవచ్చు.

ఉపవాసమూ అంతే. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో థయామిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. దానికితోడు మూడు రోజులు తిండి మాన్పిస్తే చక్కెర పడిపోతుంది, మెదడు దెబ్బ తినే వెర్నికీ అనే జబ్బుకి దారి వేసినట్టే. కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, తూలుడు, అయోమయం దాని గుర్తులు. తాగకపోయినా తూలుతున్నాడంటే అనుమానించాలి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత థయామిన్ లేకుండా గ్లూకోజు బాటిలు ఒక్కటే ఎక్కించడం కూడా ప్రమాదమే. ఉపవాసం సంఘం చెయ్యనివ్వండి, అతను మాత్రం పూటపూటా తినాలి.

ఎర్రమట్టి:

సిస్టర్ గారూ, మీ మాట కాదనను. కానీ తాగే ప్రతివాణ్ణీ ఆస్పత్రికి పంపమంటే పల్లె సంఘంలో కుదిరే పనేనా? పండక్కి తాగేవాడూ ఉంటాడు, పొద్దున్నే తాగేవాడూ ఉంటాడు. పాస్టరుకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

వార్డు_సిస్టర్:

మంచి ప్రశ్న. అందరికీ మంచం అక్కర్లేదు. పాస్టరు గారు అడగాల్సినవి కొన్నే. పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణుకుతాయా? ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ గానీ, పిచ్చిగా మాట్లాడడం గానీ జరిగిందా? రోజుకి ఎంత? కామెర్లు, కడుపులో నీరు, రక్తపు వాంతులు, షుగరు, గుండెజబ్బు ఏమైనా ఉన్నాయా? నిద్ర మాత్రలు కూడా వాడుతున్నాడా? మొదటి రెండింటిలో ఒక్కదానికి "అవును" వచ్చినా ఇంటి దగ్గర ఆపించే ప్రయత్నం వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. అక్కడికి చేరేదాకా "వెంటనే మానెయ్" అని ఒత్తిడి పెట్టొద్దు. ఈ మాట సంఘ పెద్దలకి మింగుడు పడదు, నాకు తెలుసు.

ఎంత తాగుతున్నాడో అడిగేటప్పుడు "కొంచెమే" అన్న జవాబు రాసుకోకండి. సీసాల్లో అడగండి. మన దేశంలో 10 గ్రాముల ఆల్కహాలుని ఒక డ్రింకుగా లెక్కేస్తారు. 42.8 శాతం విస్కీ 30 మి.లీ. దాదాపు అంతే. అంటే 180 మి.లీ. క్వార్టరు ఒక్కటే 6 డ్రింకులు. రోజుకి రెండు క్వార్టర్లంటే 12.

చదువుకున్న వలంటీరు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళి నేర్పండి. 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 గానీ ఆ పైన గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉన్నట్టు, 20 గానీ ఆ పైన గానీ వస్తే బానిసయ్యాడని అనుమానించి నిపుణుడికి చూపించాలి. అది జబ్బు తేల్చే పరీక్ష కాదు, ఎటు పంపాలో చెప్పే చేతికర్ర.

పాలమూరు_పిలగాడు:

అన్నా, ఆంధ్ర దిక్కు సంగతి సీసాలల్ల చెప్పిన్రు. మా దిక్కు కల్లు ముచ్చట వేరే. "కల్లే కదా" అని ఇడిసిపెట్టకుండ్రి. చెట్టు కల్లు తక్కువ, మందు కల్లు ఎక్కువ. అండ్ల క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ అసొంటి నిద్ర మందులు కలుపుతరు. మనిషికి అలవాటైంది కల్లు కాదు, ఆ మందు. 2015 సెప్టెంబరుల కల్తీ కల్లు మీద దాడులు జేసి దుకాణాలు బందు వెట్టినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ దిక్కు జనం ఫిట్సుతోని, పిచ్చి చేష్టలతోని దవాఖానల పొంటి వడ్డరు. ఆడోళ్లు, ముసలోళ్లు సుత అండ్ల ఉన్నరు.

గందుకే డాక్టరు తాన "కల్లు తాగుతడు" అని ఊకోవద్దు. "మందు కల్లు, దినాం ఇన్ని సీసలు, ఇన్నేండ్ల సంది" అని చెప్పాలె. డైజిపామ్ అసొంటి మందులు ఒంట్లకెంచి మెల్లగ పోతయి. నాలుగు దినాలు మంచిగుండి తర్వాత ఫిట్స్ రావచ్చు. సారాకు జెప్పిన 5 దినాల లెక్క దీనికి సరిపోదు, రెండు వారాలు కన్నేసి ఉంచాలె. అక్కలు, అవ్వలు తాగే సంగతి సంఘంల ఎవ్వరు మాట్లాడరు. స్త్రీల సమాజం లీడరమ్మకు ఈ ముచ్చట చెవిల వేసుడు అవసరం.

మందుల_చీటీ:

మాత్రల సంగతి నాకు వదలండి.

వణుకు, ఫిట్స్ రాకుండా ఆస్పత్రిలో సాధారణంగా ఇచ్చేది క్లోర్‌డయాజిపాక్సైడ్ లేదా డైజిపామ్, కాలేయం బాగా దెబ్బతింటే లోరాజిపామ్. మొదట ఎక్కువ మోతాదు, రోజురోజుకీ తగ్గించుకుంటూ వారం, పది రోజుల్లో ఆపేస్తారు. ఇంటికి రాసిస్తే ఆ పట్టీ రోగి చేతికివ్వకూడదు. ఇంట్లో ఒకరు తాళం వేసి పెట్టి ఏ పూటది ఆ పూట ఇవ్వాలి. ఇంట్లో నమ్మకమైన మనిషి లేకపోతే సంఘ వలంటీరు ఆ పని చెయ్యొచ్చు, కానీ చీటీలో ఉన్నది ఉన్నట్టే. "బాగానే ఉన్నాడుగా" అని నాలుగో రోజు ఆపెయ్యడం, పోయినసారి మిగిలిన మాత్రలు ఇంకో సభ్యుడికి ఇవ్వడం, రెండూ చూస్తుంటాం. రెండూ తప్పే. వీటి మీద మళ్లీ తాగితే ఊపిరి మందగిస్తుంది.

తర్వాత డైసల్ఫిరామ్, మానినవాడు మళ్లీ తాగకుండా ఇచ్చే మాత్ర. ఇది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉంటే ప్రాణాంతకం. ఆఖరిసారి తాగి కనీసం 12 గంటలు గడిస్తేనే మొదలుపెడతారు, మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. రోగికి చెప్పి, ఒప్పించి ఇచ్చే మందు ఇది. కూరలో కలిపి పెట్టేది కాదు. "భర్తకి తెలీకుండా కలపండి" అని అమ్మే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలీదు. ఒకవేళ ఇదే ఉంటే, తెలియక క్వార్టరు వేసినవాడు నడిరోడ్డు మీద పడిపోతాడు. మీ పద్ధతిలో ఈ పొడుల మీద నిషేధం రాయండి. అమ్మగార్లే ఒకరికొకరు ఈ అడ్రసులు చెప్పుకుంటారు, మంచి మనసుతోనే.

సంఘానికి నేరుగా సంబంధించింది ఇంకొకటి: ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం. డైసల్ఫిరామ్ మీదున్న మనిషికి పులిసిన ద్రాక్షారసం గుక్కెడైనా ఇవ్వకూడదు. చాలా సంఘాల్లో వాడేది పులియని రసమే. కానీ డిసెంబరులో ద్రాక్షలు పంచదారతో జాడీలో వేసి వారాల తరబడి ఉంచి "ఇంట్లో చేసిందే కదా" అంటారు. అది వైనే. అప్పటికప్పుడు పిండిన రసమో, ఎండుద్రాక్ష నానబెట్టి కాచిన నీళ్లో అందరికీ ఒకటే పెట్టండి. అతనికొక్కడికే వేరే గిన్నె పెడితే సంఘమంతా తల తిప్పి చూస్తుంది. ఆల్కహాలున్న దగ్గు మందులు, టానిక్కులు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

కొవ్వొత్తి_కాంతి:

కథోలిక సంఘాల వాళ్లకి ఒక మాట. అప్పం ఒక్కటే తీసుకున్నా దివ్యసత్ప్రసాదం సంపూర్ణమే, పాత్ర ముట్టనక్కర్లేదు. కాబట్టి విశ్వాసుల వైపు చిక్కు లేదు. చిక్కల్లా తాగుడు మానిన గురువుకే. ఆయనకి బిషపు అనుమతితో పులియడం ఆపిన ద్రాక్షరసం, మస్టమ్ అంటారు, వాడుకునే వీలుంది. గురువులకి, పాస్టర్లకి ఈ జబ్బు రాదని మన పద్ధతులన్నీ ఎందుకు అనుకుంటాయో.

గోదావరి_గట్టు:

అద్భుతం. ఇప్పుడు ఎక్కడికి పంపాలి? ప్రతి పట్నంలోనూ గోడల మీద "తాగుడు మాన్పిస్తాం" బోర్డులే. కొన్నింటికి క్రైస్తవ పేర్లు కూడా ఉన్నాయి. ఎలా ఎంచాలి?

చట్టం_చదువరి:

పేరు చూసి ఎంచొద్దు, గోడ మీద ఏముందో చూడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. కాబట్టి అలాంటివాళ్లని చేర్చుకుని ఉంచే కేంద్రానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్టు అడగండి, తేదీ చూడండి. తర్వాత అడగాల్సినవి: సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారు? రాత్రి నర్సు ఉంటుందా? ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? మొదటి రోజు రక్తపరీక్షలు చేస్తారా? ఇంటికి ఫోను చేసుకోనిస్తారా? డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు రాసిస్తారా? వీటికి తడుముకుంటే వెనక్కి వచ్చెయ్యండి. "రాత్రికి వ్యాను పంపిస్తాం, నలుగురు కుర్రాళ్లొచ్చి ఎత్తుకొస్తారు, మూడు నెలల డబ్బు ముందే కట్టండి, 45 రోజులు చూడ్డానికి రాకూడదు" అంటే అది చికిత్స కాదు, కిడ్నాపు.

గొలుసులతో కట్టడాన్ని అదే చట్టంలోని 95వ సెక్షను ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ప్రార్థన మందిరం వెనక గదిలో కట్టేసినా అదే నేరం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు కదల్లేక 28 మంది చనిపోయారు. అక్కడికీ జనం నయమవుతుందన్న విశ్వాసంతోనే వెళ్లారు.

డబ్బు లేనివాళ్లకి మొదటి గుమ్మం ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ. విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆస్పత్రి అందరికీ తెలిసినవే. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి. మీ జిల్లాలో ఏది పనిచేస్తోందో తెలుసుకోవడానికి 14446కి ఫోను చెయ్యండి, వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైను అదే. 14416 టెలి మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. ఈ రెండు నంబర్లూ సంఘం నోటీసు బోర్డు మీద, మరుగుదొడ్డి తలుపు లోపలి వైపునా అంటించండి. సిగ్గుపడేవాడు అక్కడే చదువుకుంటాడు.

గంజాయి, మాత్రల కేసు అనుకోండి, పోలీసుల భయంతో రారు. వాడుకకో, చిన్న మోతాదుకో సంబంధించిన నేరం మోపబడినవాడు ప్రభుత్వ గుర్తింపున్న చోట తనంతట తాను చికిత్సకి ముందుకొస్తే ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం, 64ఏ సెక్షను ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాడికి ఇది వర్తించదు. వకీలుతో మాట్లాడించండి, పాస్టరు గారు హామీలివ్వకూడదు.

ఎర్రమట్టి:

మనిషే రానంటే? ఇంట్లోవాళ్లు సంతకం పెట్టి చేర్పించొచ్చా?

చట్టం_చదువరి:

వద్దన్నవాణ్ణి చేర్చడానికి ఆ 2017 చట్టంలోనే 89వ సెక్షను ఉంది, కానీ దాని గడప ఎత్తు. నామినేటెడ్ ప్రతినిధి, అంటే రోగి తరఫున మాట్లాడేందుకు చట్టం గుర్తించిన మనిషి, దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. తనకో ఇతరులకో హాని చేసేంత, లేదా తనను తాను చూసుకోలేనంత తీవ్రంగా ఉండాలి. 30 రోజులకి మించకూడదు. సంఘ పెద్దల తీర్మానం దీనికి పనికిరాదు. తాగి గొడవ చేస్తున్నాడన్నది ఒక్కటే కారణంగానూ సరిపోదు.

వార్డు_సిస్టర్:

రానన్నవాడితో "నువ్వు తాగుబోతువి" అని మొదలుపెడితే తలుపు మూసుకుపోయినట్టే. ఏం బాధపెడుతోందో అతని నోటితోనే చెప్పించండి: నిద్రా, కడుపునొప్పా, అప్పా, పిల్ల పెళ్లా. "కడుపునొప్పికి ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అన్నది అబద్ధం కాదు, నిజంగానే చూపించాలి. చాలామంది డీఅడిక్షన్ గుమ్మం ఎక్కరు గానీ జనరల్ ఓపీకి వస్తారు. సరే అన్న రోజునే తీసుకెళ్లాలి. సరే అన్నాక మూడు రోజులాగితే ఆ సరే ఉండదు. అందుకే ఆటో ఎవరిది, తోడు ఎవరు, ఆ రోజు కూలి ఎవరిస్తారు అన్నవి ముందే తేల్చిపెట్టుకోవాలి.

పాత_కోశాధికారి:

డబ్బు సంగతికి వచ్చారు కాబట్టి చెప్తా. రోగి చేతికి నగదు ఇవ్వొద్దు, ఆత్రంలో అతని భార్య చేతికీ వద్దు, లాక్కుంటాడు. ఆస్పత్రికీ, మందుల షాపుకీ నేరుగా కట్టి రసీదు తీసుకోండి. నిధి వేరే ఖాతాలో, ఇద్దరి సంతకాలతో ఉండాలి. ఆదివారం లెక్కల్లో "వైద్య సహాయం" అని చదవాలి, పేరు చదవకూడదు. పేర్లున్న పుస్తకం పాస్టరు గారి దగ్గరా, ఒక పెద్ద దగ్గరా తాళంలో ఉంటే చాలు.

అందరూ మర్చిపోయే ఖర్చు ఒకటుంది. మనిషి పది రోజులు ఆస్పత్రిలో ఉంటే ఇంటికి కూలి రాదు. బియ్యం, పప్పు, నూనె, పిల్లల ఫీజు, వారం వడ్డీ చూసుకోకపోతే ఐదో రోజే భార్య వెళ్లి "డిశ్చార్జి చెయ్యండి" అంటుంది. మంచం ఖర్చు కంటే ఈ ఖర్చు తక్కువ, పనిచేసేది మాత్రం ఇదే ఎక్కువ.

చిన్న_గొంతు:

భార్య మాటొచ్చింది కాబట్టి. ఇంట్లో కొడుతుంటే "సర్దుకుపో తల్లీ, ప్రార్థన చేద్దాం" అని అదే రాత్రి వెనక్కి పంపే అలవాటు ఆగాలి. 181 మహిళా హెల్ప్‌లైను, ప్రమాదమైతే 112. చికిత్స మొదలవ్వడం, కొట్టడం ఆగడం రెండూ ఒకటే కాదు. ఆమెతో విడిగా, వేరే రోజు, ఆడమనిషి మాట్లాడాలి. అతను డిశ్చార్జి అయ్యే తేదీ ఆమెకి ముందే తెలియాలి.

ఎర్రమట్టి:

ఇక సాక్ష్యం. బాగుపడి వచ్చినవాడు సంఘం ముందు సాక్ష్యం చెప్తే పదిమందికి ధైర్యం కదా? ఎందుకు వద్దంటారో అర్థం కాదు నాకు.

కొవ్వొత్తి_కాంతి:

వద్దని కాదు బ్రదర్, తొందరొద్దని. డిశ్చార్జి అయిన రెండో ఆదివారం మైకిచ్చి, వీడియో తీసి యూట్యూబులో పెడితే అతనికి పడిపోయే హక్కు లేకుండా చేసినట్టే. ఈ జబ్బులో మళ్లీ తాగడం మామూలే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో. సాక్ష్యం చెప్పేసినవాడు మళ్లీ తాగితే ఎవరికీ చెప్పడు, సంఘానికే రావడం మానేస్తాడు. ఏడాది గడవనివ్వండి, అప్పుడు కూడా అడిగేది అతనే కావాలి. ప్రార్థన అంశాల వాట్సాప్ గ్రూపుల్లో పేరు పెట్టడం కూడా సాక్ష్యం లాంటిదే, ఇంకా అధ్వానం. "ఒక సహోదరుడి ఆరోగ్యం కొరకు" అంటే దేవుడికి అర్థమవుతుంది.

దానికి బదులు గది ఇవ్వండి. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానేవాళ్లే ఒకరికొకరు తోడుండే బృందం, వాళ్లకి వారానికొక సాయంత్రం, గంటన్నర, విడి గుమ్మం ఉన్న గది, ఇరవై కుర్చీలు, టీ. వాళ్లు బయటివాళ్ల దగ్గర విరాళం తీసుకోరు. ఊరికే ఇస్తామన్నా అద్దె ఎంతో కొంత కడతామంటారు, తీసుకోండి. అది వాళ్ల నియమం. అది మీ సంఘ కార్యక్రమం కాదు, బ్యానరు మీద సంఘం పేరు రాయొద్దు, పాస్టరు గారు వెళ్లి వాక్యం చెప్పొద్దు. కుటుంబాలకి ఆల్-అనాన్ వేరే ఉంది.

మందుల_చీటీ:

నొప్పి ఇంజెక్షన్లు, ట్రమడాల్ లాంటి మాత్రల గురించి చిన్న చేర్పు. ఆపితే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నరకమే. కానీ అసలు ప్రమాదం నెల రోజులు మానాక పాత మోతాదు ఒక్కసారి వేసుకోవడంలో ఉంది. ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోయి ఉంటుంది, ఊపిరి ఆగిపోతుంది. వీళ్లలో చాలామందికి డాక్టర్లు వాటికి బదులుగా బుప్రెనార్ఫిన్ అనే మందు నెలలు, ఏళ్లు కూడా ఇస్తారు. "మత్తుకి బదులు మత్తు ఇస్తున్నారు, విశ్వాసముంటే మానెయ్" అనకండి. షుగరువాడి ఇన్సులిన్ మాన్పిస్తామా?

గోదావరి_గట్టు:

చాలా వచ్చింది. ఆఖరి ప్రశ్న. సోమవారం పొద్దున ఒకర్ని ఓపీకి తీసుకెళ్లాలి. సంచిలో ఏం పెట్టాలి?

వార్డు_సిస్టర్:

ఆధార్ కార్డు, పాత చీటీలన్నీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల పట్టీలు. ఒక కాగితం మీద: ఏం తాగుతాడు, రోజుకి ఎంత, ఎన్నేళ్ల నుంచి, ఆఖరిసారి ఏ రోజు ఎన్ని గంటలకి, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా. రెండు జతల బట్టలు, దుప్పటి, ప్లాస్కు. బైబిలు పెట్టుకోవచ్చు. శానిటైజరు, ఆఫ్టర్‌షేవు వద్దు, తాగేస్తారు. ఆస్పత్రిలో ఉండే మనిషి ఒకరు, మార్చుకోవడానికి ఇంకొకరు. మంచం ఆ రోజే దొరకకపోవచ్చు కాబట్టి మందులు రాయించుకోకుండా వెనక్కి రాకండి. దారిలో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టి లాభం లేదు, గడియారం చూస్తూ 108కి చెయ్యండి. ఓపీ చీటీ కోసం తెల్లవారుజామునే వరస కడతారు, అతన్ని ఖాళీ కడుపుతో నిలబెట్టొద్దు. ముందు రెండు ఇడ్లీలు పెట్టించండి.